పత్తి ప్రశ్నకు నేనిచ్చిన కీ

నా రిటైర్మెంటు రోజున స్టాఫ్ రూములోనే చిన్న సభ పెట్టారు. ఆరుగురు మాట్లాడారు. ఆరుగురూ తిప్పి తిప్పి ఒకటే చెప్పారు, ఈయన జవాబుల కీ ఇస్తే ఇక తిరుగుండదని. నేను శాలువా కప్పుకుని, మెడలో దండ గుచ్చుకుంటున్నా కదలకుండా, తల వంచుకుని కూర్చున్నాను. అందరూ అది వినయం అనుకున్నారు. వినయమూ కాదు, నా మొహమూ కాదు. తల ఎత్తితే ఎదురు కుర్చీలో మా జువాలజీ మాస్టారు ఉన్నాడు. కీ సంగతి అసలేమిటో ఆ గదిలో ఆయనొక్కడికే తెలుసు. ఆయన పెదవి విప్పలేదు, చప్పట్లు మాత్రం అందరితో పాటు కొట్టాడు.

ఇది చదివేవాళ్ళలో చాలామంది ఇప్పుడు పాఠాలు చెబుతున్నవాళ్ళో, రేపోమాపో చెప్పబోయేవాళ్ళో అయి ఉంటారు. గొప్పలు చెప్పే పెద్దవాళ్ళు మీకు కావలసినంతమంది దొరుకుతారు. నా దగ్గరున్న గొప్పలన్నీ ఆ సభలోనే ఖర్చైపోయాయి. మిగిలింది ఇదొక్కటే. సిగ్గుపడుతూనే చెబుతున్నాను. మధ్యలో ఎక్కడైనా నన్ను నేను వెనకేసుకొస్తున్నట్టు కనబడితే అక్కడ నన్ను నమ్మకండి.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులు. చిలకలూరిపేటలో హైవే పక్కన మూడంతస్తుల కాలేజీ మాది. ఇంటర్మీడియట్‌తో పాటు మెడిసిన్ ప్రవేశ పరీక్షకు కోచింగు కూడా. నేను బోటనీ. కాలేజీకి ఒక పక్క జిన్నింగు మిల్లు, రోడ్డుకు అవతల స్పిన్నింగు మిల్లు. పత్తి సీజన్లో కిటికీ తెరిస్తే దూది పింజెలు ఎగిరొచ్చి బోర్డు తుడిచే తడిగుడ్డకు అంటుకునేవి. లారీ హారన్ మోగితే పాఠం ఆపడం, అది పోయాక ఆపిన మాట దగ్గర మళ్ళీ అందుకోవడం మాకు అలవాటైపోయింది. పిల్లలు పర్చూరు నుంచి, దర్శి నుంచి, చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చేవాళ్ళు. మిరప కోతలకు ఇంటికెళ్ళొచ్చిన పిల్లలు రెండు రోజుల పాటు కళ్ళు నులుముకుంటూనే కూర్చునేవాళ్ళు.

ప్రతి శనివారం ఒక మాదిరి పరీక్ష. ఎవరి సబ్జెక్టు ప్రశ్నలు వాళ్ళే తయారుచేయాలి, కీ కూడా వాళ్ళే ఇవ్వాలి. సోమవారం పొద్దున్నే మార్కులు బోర్డు మీదికెక్కేవి. పిల్లలంతా తమ మార్కు చూసుకోవడం, పక్కవాడి మార్కు చూసి ఏడవడం, అంతటితో ఆ పరీక్షను మర్చిపోవడం. నాకు ఒళ్ళు మండేది. వంద ప్రశ్నలు రాసి పాతిక తప్పితే, ఆ పాతికే కదా నీకు దొరికిన లాభం, దాన్ని పారేసి పోతావేమిరా అని తిట్టేవాణ్ణి. తిట్టి తిట్టి చివరికి ఒక పద్ధతి పెట్టాను. ప్రతివాళ్ళూ ఒక నోటుబుక్కు కొనాలి. దానికి తప్పుల పుస్తకమని పేరు. పేజీకి మూడు గళ్ళు. మొదటి గడిలో నువ్వు పెట్టిన జవాబు, రెండో గడిలో సరైన జవాబు, మూడో గడిలో ఎందుకు తప్పావో. మూడో గడిలో 'తెలియక' అని రాస్తే నేను ఊరుకునేవాణ్ణి కాదు. తెలియక తప్పినవాళ్ళు తక్కువ. తొందరపడి, సగం చదివి, జవాబు పత్రంలో పక్క గడి నింపి, మొదట సరిగ్గా పెట్టి తర్వాత అనుమానంతో మార్చి, ఇలా తప్పేవాళ్ళే ఎక్కువ.

ఆ పద్ధతి మంచిదే. ఈ మాట ఇప్పటికీ అంటాను. పర్చూరు నుంచి వచ్చే ఒక అమ్మాయి ఎంత చదివినా అరవై దాటేది కాదు. తనకు బుర్ర లేదని తీర్మానించుకుంది. రెండు నెలలు మూడో గడి నిజాయితీగా నింపాక చూసుకుంటే, తప్పిన వాటిలో సగం 'కింది వానిలో సరికానిది ఏది' అన్న రకం ప్రశ్నలే. ఆ 'కానిది' అన్న ముక్క ఆమె కంటికి ఆనేదే కాదు. ఆ ముక్క కింద పెన్సిలుతో గీత గీయడం మొదలుపెట్టింది, అంతే, మూడు వారాల్లో ఎనభై దాటింది. పక్క కాలేజీల వాళ్ళు కూడా మా పద్ధతి పట్టుకెళ్ళారు. నేను కాలర్ ఎగరేసుకుని తిరిగాను.

ఆ బ్యాచిలోనే ఉండేది నేను చెప్పబోయే అమ్మాయి. ఇంట్లో తెలుగే మాట్లాడుకునే ముస్లిం కుటుంబం. తండ్రి పరుపులు కుడతాడు. మా హాస్టల్లో పరుపులూ దిండ్లూ అన్నీ ఆయన చేతి మీదుగా వచ్చినవే. తల్లి సీజన్లో జిన్నింగు మిల్లుకు పోతుంది. ముందు తరాల్లో ఎవరూ పదో తరగతి గడప తొక్కని ఇంట్లోంచి ఆ పిల్ల డాక్టరు కావాలని వచ్చింది. నెమ్మదస్తురాలు. రెండో బెంచీలో గోడ వైపు కూర్చునేది. వారం వారం మార్కు కొద్దికొద్దిగా పెంచుకుంటూ, జనవరి నాటికి సీటు వచ్చే పిల్లల వరసలోకి వచ్చేసింది. ఆమెకు సీటు వస్తుందని స్టాఫ్ రూములో మేమంతా అనుకునేవాళ్ళం. తండ్రి దారిలో కనబడితే చేతులు జోడించి, పిల్ల భారం మీదేనండీ అనేవాడు. నేను చూసుకుంటాలెమ్మని భరోసా ఇచ్చేవాణ్ణి.

జనవరిలో ఒక శనివారం పరీక్షలో ఒక ప్రశ్న ఇచ్చాను. పత్తి దూది దేని నుంచి ఏర్పడుతుంది? నాలుగు జవాబుల్లో మొదటిది ఫలకవచం, అంటే కాయ గోడ. రెండోది బీజకవచం, అంటే గింజ పైపొర. మిగతా రెండూ వదిలేయండి. నా కీలో మొదటిది సరైనదని ఉంది. క్లాసులో చాలామంది అదే పెట్టారో, ఏదో ఒకటి పెట్టారో, ఎవరూ నోరెత్తలేదు. నేను కీ చదువుతుంటే ఈ అమ్మాయి లేచి నిలబడింది. అంతకు ముందు ఏనాడూ లేచింది కాదు.

"సార్, పత్తి గింజనే కదా సార్ పట్టుకుని ఉండేది. మిషను పెట్టి లాగితే గానీ రాదు. కాయలోంచి తేలిగ్గా ఊడొచ్చేది బూరుగు దూది సార్, దాంట్లో గింజ విడిగా రాలిపోద్ది. నాన్న దిండ్లలో పెడతాడు, నేను చూశాను" అంది.

ఇప్పుడు రాస్తుంటే ఆ మాటల్లో ఎంత బోటనీ ఉందో కనబడుతోంది. పుస్తకం రాసినవాడు కూడా అంత చక్కగా రెంటినీ విడదీసి చెప్పలేడు. ఆ రోజు నాకు కనబడింది ఒక్కటే, నా కీని ఒక పిల్ల తప్పంటోంది. కీ తప్పదన్న పేరు అప్పటికే నా చొక్కాకు అతుక్కుపోయి ఉంది. ఆగి ఆలోచించి ఉంటే నిమిషంలో తెలిసిపోయేది. కిటికీలోంచి చూస్తే మిల్లు వెనక గింజలు గుట్టలుగా పోసి కనబడుతూనే ఉన్నాయి, వాటికి ఇంకా నూగులాగా దూది పట్టుకునే ఉంటుంది. నేను కిటికీ వైపు చూడలేదు, క్లాసు వైపు చూశాను.

"ఇది బోటనీ క్లాసమ్మా. పరుపుల కొట్టు కాదు" అన్నాను.

క్లాసంతా నవ్వింది. నవ్వుతారనే అన్నాను. ఆమె కూర్చుంది. ఏడవలేదు, మొహం కూడా పెద్దగా మారలేదు. పెన్ను తీసి తప్పుల పుస్తకంలో రాసుకోవడం మొదలుపెట్టింది.

బుధవారం పుస్తకాలు దిద్దుతుంటే ఆమెది వచ్చింది. మొదటి గడిలో బీజకవచం. రెండో గడిలో ఫలకవచం. మూడో గడిలో, ఎందుకు తప్పావు అన్నచోట, గుండ్రటి అక్షరాలతో, 'పుస్తకంలోది కాకుండా ఇంట్లో చూసింది నమ్మాను' అని ఉంది. నేను ఎర్ర సిరాతో దాని పక్కన టిక్కు పెట్టాను. పెట్టి, కింద 'గుడ్' అని కూడా రాశాను. నా ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఎన్ని వేల టిక్కులు పెట్టి ఉంటానో. చేతికి సిగ్గనేది ఉంటే ఆ ఒక్కదానికి పెన్ను పట్టుకునేది కాదు.

ఫిబ్రవరిలో రివిజన్ కోసం పాత ప్రశ్నల ఫైలు తీశాను. మీకు మా చేతివాటం ఒకటి చెప్పాలి. వారానికి నలభై కొత్త ప్రశ్నలు పుట్టించడం ఎవడి వల్లా కాదు. అందుకని అందరం చేసేదొకటే, పాత ప్రశ్నలోంచి ఒక మాట తీసేసి ఇంకో మాట పెట్టి, కొత్త ప్రశ్నని చలామణీ చేసేయడం. ఫైలులో నా దస్తూరీతోనే ఉంది. బూరుగు దూది దేని నుంచి ఏర్పడుతుంది? జవాబు ఒకటి, ఫలకవచం. ఆ బూరుగు మీద అడ్డంగా గీత కొట్టి పైన పత్తి అని రాశాను. పత్తి మిల్లుల మధ్య కూర్చుని బూరుగు గురించి అడగడమేంటి, పిల్లలకు తెలిసిన మొక్క పెడదామని మార్చినట్టు గుర్తు కూడా వచ్చింది. మొక్కను మార్చాను. జవాబు అంకె మార్చలేదు. అంత చిన్న పొరపాటు.

నాకు చెవుల దాకా వేడెక్కింది. స్టాఫ్ రూములో జువాలజీ మాస్టారొక్కడే ఉన్నాడు, క్యారేజీ విప్పుకుంటున్నాడు. ఫైలు తీసుకెళ్ళి చూపించాను. ఆయన మిల్లు వైపూ నా వైపూ చూసి, ఊరంతా దూదేనండీ, ఒక పింజె తీసి చూసుకుంటే సరిపోయేది కదా అని నవ్వాడు. తర్వాత నవ్వాపి, "రేపు క్లాసులో చెప్పెయ్యండి. రెండు నిమిషాల పని" అన్నాడు.

ఆయన అన్నది నిజమే. కీ తప్పిచ్చాను, పత్తికి బీజకవచమే సరైనది, దిద్దుకోండి, అంటే అయిపోయేది. కానీ ఆ రెండు నిమిషాల్లో ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ అమ్మాయి చెప్పిందే కరెక్టని చెప్పాలి. పరుపుల కొట్టని ఎగతాళి చేసిన నోటితోనే, పరుపుల కొట్టువాళ్ళకు నాకంటే ఎక్కువ తెలుసని అరవైమంది ముందు ఒప్పుకోవాలి. అది నాకు మింగుడు పడలేదు. డైరెక్టరు గారిని కూడా అడిగాను, ఆయన వద్దంటే ఆ వంక పెట్టుకుని తప్పుకుందామని. ఆయన ఫోను చెవి దగ్గర పెట్టుకునే, మీ ఇష్టం మాస్టారూ, మీ సబ్జెక్టు మీరు చూసుకోండి అన్నాడు. ఆయన అడ్డుపడ్డాడని ఇక్కడ రాయగలిగితే నాకు ఎంతో హాయిగా ఉండేది. ఎవరూ అడ్డుపడలేదు.

మర్నాడు క్లాసుకెళ్ళాను. ముందు పాఠం చెప్పి చివర్లో చెబుదామనుకున్నాను. చివర్లో గంట కొట్టేశారు. ఆ తర్వాతి రోజు ఎవరో సందేహం అడిగితే దానికే టైమంతా ఇచ్చాను, కావాలనే ఇచ్చాను. ఆ వారం అలాగే పోయింది. పై వారం ఆమెను విడిగా పిలిచి చెబుదామనుకున్నాను. విడిగా చెప్పడానికి కూడా నోరు రాలేదు.

చివరికి ఒక దొంగదారి కనిపెట్టాను. రివిజన్ షీటు తయారుచేసి, యాభై అరవై వరసల మధ్య ఎక్కడో 'పత్తి - బీజకవచం, బూరుగు - ఫలకవచం' అని ఒక వరస వేయించి అందరికీ పంచాను. పాత కీ తప్పని ఎక్కడా అనలేదు. సరైనదేదో కాగితం మీద ఇచ్చేశాను, చదువుకున్నవాళ్ళు చదువుకుంటారని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఆ రాత్రి హాయిగా నిద్ర కూడా పట్టింది.

రెండు రోజులకు ఆ అమ్మాయి షీటు పట్టుకుని స్టాఫ్ రూముకొచ్చింది. నా బల్ల చుట్టూ అప్పటికే నలుగురైదుగురు పిల్లలున్నారు. ఆమె మొహంలో ఏదో కనిపెట్టినదానిలా చిన్న మెరుపు. "ఇక్కడ అచ్చు తప్పు పడింది సార్. రెండూ తారుమారు అయినయ్. నేను దిద్దేశాను" అని చూపించింది. నేను వేయించిన వరసను పెన్నుతో కొట్టేసి, పత్తికి ఫలకవచం, బూరుగుకు బీజకవచం అని నీటుగా రాసుకుంది. నేనే నేర్పాను. ఇంట్లో చూసింది నమ్మకూడదని ఎర్ర సిరాతో మెచ్చుకుని మరీ నేర్పాను. ఇప్పుడు నిజం చెప్పిన కాగితాన్నే ఆ పిల్ల నమ్మడం లేదు.

అదే అసలు క్షణం. కాదమ్మా, షీటే కరెక్టు, నా కీయే తప్పు, అనాల్సింది. చుట్టూ ఉన్న పిల్లలు వింటున్నారు. అందులో ఆ రోజు గట్టిగా నవ్విన కుర్రాడు కూడా ఉన్నాడు. నేను షీటు చేతిలోకి తీసుకుని చూసినట్టు చూసి, తిరిగిచ్చి, "సరేలే, తర్వాత చూద్దాం" అన్నాను. ఆమె సరే సార్ అని వెళ్ళిపోయింది. జువాలజీ మాస్టారు తన బల్ల దగ్గర నుంచి తలెత్తి నన్ను చూశాడు. ఆ సాయంత్రం నాతో కలిసి టీకి రాలేదు.

తర్వాత చూసింది లేదు. మార్చిలో ఇంటర్ పరీక్షలు, ఆ పైన ఎండలు, ఆ పైన ఊపిరాడని క్రాష్ కోర్సు. ప్రశ్న నా మనసులోంచి పోయిందని చెబితే అబద్ధం. క్లాసులో రెండో బెంచీ వైపు చూడటం మానేశాను. వెయ్యి ప్రశ్నల్లో ఇదొక్కటి అసలు పరీక్షలో వస్తుందా ఏమిటి అని ధైర్యం చెప్పుకునేవాణ్ణి.

మేలో వచ్చింది. జతపరచండి అన్న ప్రశ్న. పత్తి, బూరుగు, కొబ్బరి పీచు, గోగునార, వాటికెదురుగా అవి దేని నుంచి ఏర్పడతాయో. పరీక్ష అయిన సాయంత్రం పేపరు నా చేతికి రాగానే ముందు దానిమీదే చూపు పడింది. పిల్లలంతా కాలేజీకొచ్చి, సార్ మీరు చెప్పినవే చాలా వచ్చాయని గోల చేస్తున్నారు. నేను ఆ అమ్మాయి కోసం వెతికాను. రాలేదు. రానందుకు నాకు ఎక్కడలేని నిశ్చింత కలిగింది. అంత నీచంగా ఉంది నా పరిస్థితి.

కొన్ని రోజుల తర్వాత ప్రవేశ పరీక్ష వాళ్ళు పత్రికల్లో కీ వేశారు. అభ్యంతరాలుంటే ఫలానా రోజులోగా ఆధారాలతో రాసి పంపమన్నారు. మర్నాడు పొద్దున పదింటికి తండ్రీ కూతురూ ఇద్దరూ మా కాలేజీకొచ్చారు. సెలవులు కాబట్టి స్టాఫ్ రూములో నేనొక్కణ్ణే ఉన్నాను. ఆయన ఉతికిన చొక్కా వేసుకొచ్చాడు. ఆమె చేతిలో ప్లాస్టిక్ ఫైలు. అందులోంచి పత్రిక తీసి ఒక ప్రశ్న చుట్టూ గీసిన సున్నా చూపించింది.

"వాళ్ళ కీ తప్పు పడింది సార్" అంది.

ఆమె వరసగా చెప్పుకుపోయింది. పత్తికి ఫలకవచమే పెట్టానని, బూరుగుకు బీజకవచం మిగిలితే అదే పెట్టానని, హాల్లో చేయి ఒకసారి ఆగిందని, ఇంట్లో చూసింది నమ్మకూడదని గుర్తు తెచ్చుకుని మీరు చెప్పినట్టే చేశానని. రాత్రంతా కూర్చుని అభ్యంతరం రాసుకొచ్చింది. కన్వీనరు గారికి, అయ్యా, అంటూ రెండు పేజీలు. కింద ఆధారాలు అని పెట్టి, మా కాలేజీ జనవరి మాదిరి పరీక్ష పేపరూ, నా కీ, రెండూ జెరాక్సు తీయించి జతచేసింది. సబ్జెక్టు లెక్చరరు సంతకం, కాలేజీ స్టాంపు ఉంటే గట్టిగా ఉంటుందని వచ్చారు. సంతకం పెట్టాల్సిన చోట పెన్సిలుతో చిన్న ఇంటూ గుర్తు కూడా పెట్టుకొచ్చింది.

నేను తండ్రి వైపు చూశాను. ఆయన చేతులు చూశాను, గోళ్ళ సందుల్లో దూది. చిన్నప్పటి నుంచీ పత్తినీ బూరుగునూ ఏకుతున్న చేతులు. ఆయనకు తెలియకపోవడమేమిటి.

ఆయనే అందుకున్నాడు. "అమ్మాయి చెప్తే నాకైతే నమ్మకం కుదర్లేదు మాస్టారూ. పత్తి గింజని వదలదు గదా అన్నాను. మా సార్ చెప్పారు నాన్నా, పుస్తకంలో అట్లాగే ఉంటది అంది. మీరు చెప్పారంటే అదే నిజమై ఉంటదిలే, మనకేం తెలుసని ఊరుకున్నానండీ."

ఆ మనిషి తన చేతులను కాదని నా మాట నమ్మాడు. అక్కడ కూర్చోలేకపోయాను. లేచాను. ఎందుకు లేచానో తెలియక కిటికీ దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. ఆ కాగితం మీద సంతకం పెడితే ఆమె అభ్యంతరం అటు వెళ్ళి చిత్తుకాగితమైపోతుంది, నా పరువు ఇక్కడ భద్రంగా ఉంటుంది. ఒక్క క్షణం, దేవుడి సాక్షిగా ఒక్క క్షణమే, పెన్ను మీదికి చెయ్యి పోయింది. ఆపుకున్నాను.

"వాళ్ళ కీ కరెక్టేనమ్మా. తప్పు నాది" అన్నాను.

ఫైలులోని పాత ప్రశ్న, బూరుగు మీద గీత కొట్టి పత్తి అని రాసిన సంగతి, అంతా చెప్పాను. జనవరిలో నువ్వు చెప్పిందే సరైనదని కూడా చెప్పాను. ఆమె నిలబడే విన్నది. అరవలేదు. అరిస్తే బాగుండేది. పత్రిక వైపూ తను రాసుకొచ్చిన రెండు పేజీల వైపూ చూసుకుంది. మెల్లగా అడిగింది.

"మీకెప్పుడు తెలిసింది సార్?"

ఎత్తిపొడుపు లేదు ఆ గొంతులో. తెలుసుకుందామని అడిగింది, క్లాసులో సందేహం అడిగినట్టే. రివిజన్ షీటు సంగతి ఆమెకు ఆ నిమిషాన తట్టి ఉండకపోవచ్చు. తట్టకూడదని నేను కోరుకున్నాను.

"ఇప్పుడేనమ్మా. నిన్న పేపర్లో కీ చూశాకే" అన్నాను.

తండ్రి గబగబా లేచి మూలనున్న కుండలోంచి గ్లాసుతో నీళ్ళు తెచ్చి నా చేతిలో పెట్టాడు. కూర్చోండి మాస్టారూ, మొహం అట్లా అయిపోయిందేంటి, ఇన్ని వందల ప్రశ్నలు చెప్పేవాళ్ళకి ఒకటి అటూ ఇటూ కాదా అన్నాడు. ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుని, మీరు బాధపడకండి సార్, నేను కూడా ఇంకోసారి పుస్తకం తీసి చూసుకోవాల్సింది అంది. ఇద్దరూ కలిసి నన్ను ఓదార్చారు. సీటు పోయేది ఆ ఇంట్లో, ఓదార్పు నాకు. వద్దనలేదు నేను. నీళ్ళు తాగి, కళ్ళొత్తుకుని, పెద్దమనిషిలా తలాడిస్తూ అంతా పుచ్చుకున్నాను. వాళ్ళు వెళ్ళేటప్పుడు ఆయన ఎప్పటిలాగే చేతులు జోడించి దణ్ణం పెట్టాడు.

ఆ ఏడు కౌన్సెలింగులో ఆమెకు సీటు రాలేదు. తన కేటగిరీలో చివరి సీటు ఏ ర్యాంకు దగ్గర ఆగిందో కనుక్కుని, ఆమె మార్కుకు ఇంకో మార్కు కలిపి లెక్కేసి చూశాను. వచ్చేది. ఒక్క మార్కుతో వచ్చేది. లెక్క తప్పిందేమోనని మళ్ళీ వేశాను, మళ్ళీ వచ్చింది. ఇంకో ఏడాది కోచింగుకు కూర్చోబెట్టే స్తోమతు ఆ ఇంటికి లేదు. డిగ్రీలో చేరిందని తెలిసింది. నేను మాత్రం అదే గదిలో, అదే కుర్చీలో, కీ తప్పని మాస్టారన్న పేరుతో, ఇంకా చాలా ఏళ్ళు జీతం తీసుకున్నాను. పిల్లల్ని తప్పుల పుస్తకం నింపమని గదమాయిస్తూనే ఉన్నాను.

పాఠాలు చెప్పే పిల్లలకు ఒకటే చెబుతాను. కీ తప్పడం నామోషీ కాదు, అందరికీ తప్పుతుంది. తెలిసిన మర్నాడే క్లాసులో నిలబడి చెప్పెయ్యండి, ఎవరు కరెక్టు చెప్పారో వాళ్ళ పేరు పెట్టి మరీ చెప్పండి. ఒక వారం దాటనిస్తే ఇక చెప్పలేరు. నేను మూడు నెలలు దాటనిచ్చాను, ఆ తర్వాత చెప్పింది కూడా సగమే.

ఆమె ఇప్పుడు దర్శి వైపు ఏదో హైస్కూల్లో సైన్సు చెబుతోందని విన్నాను. చూడటానికి వెళ్ళాలని రెండుసార్లు బస్టాండు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. ఇది ఆమె కంట పడుతుందో లేదో తెలియదు. పడితే, అమ్మా, ఆ రోజు నువ్వడిగితే నేను అబద్ధం చెప్పాను. నాకు ఫిబ్రవరిలోనే తెలుసు.